నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద చుక్కల వరుసలు: గ్లాసీ ఫొటో ప్రింటు మీద రోలర్ గుర్తులు ఎలా పోతాయి?

కోనసీమ ప్రింట్లు:

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర చిన్న ఫొటో స్టూడియో. నాన్నగారు నడిపేవారు, నాలుగేళ్లుగా నేను చూసుకుంటున్నాను. పాస్‌పోర్ట్ ఫొటోలు, బడి పిల్లల ఐడీ కార్డులు, పాత ఫొటోలు బాగు చేసి పెద్దవి చేయడం మా పని. పెళ్లి ఆల్బమ్‌లు బయట ల్యాబ్‌కు పంపిస్తాం. ఏ4 సైజు దాకా మాత్రం షాపులోనే నాలుగు రంగుల ట్యాంకు ప్రింటర్ (ఇంకు సీసాలతో నింపుకునేది) మీద తీస్తాను.

పోయిన వారం ఒక పెద్దాయన వచ్చారు. ఆయన భార్య పోయి ఏడాది కావస్తోంది. ఆవిడ ఒంటరిగా దిగిన ఫొటో ఇంట్లో ఒక్కటీ లేదట. ఎవరి పెళ్లిలోనో పదకొండు మందితో దిగిన నలుపు తెలుపు గ్రూపు ఫొటో ఒకటి తెచ్చారు. అందులో ఆవిడ ముఖం బొటనవేలి గోరంత ఉంది. అది స్కాన్ చేసి, మడతలు, బూజు మచ్చలు తీసి, పక్కన ఉన్న వాళ్ల భుజాలు తొలగించి, వెనక నల్లటి బ్యాక్‌గ్రౌండ్ పెట్టి నిలబెట్టేసరికి మూడు రాత్రులు పట్టింది. స్క్రీన్ మీద చూసి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "ఇలాగే ఉండేది" అన్నారు, అంతే. సంవత్సరీకం ఇంకా తొమ్మిది రోజులు ఉంది. ఆ రోజు దండ వేసే ఫొటో ఇదే.

ఇబ్బంది ప్రింటు దగ్గర వచ్చింది. ముందు నుంచి చూస్తే బాగానే ఉంటుంది. కొంచెం పక్కకు వంచి లైటు కింద పెడితే, పై నుంచి కిందికి నాలుగు వరుసల్లో సన్నటి చుక్కలు కనిపిస్తాయి. కుట్టు మిషన్ దారం లేకుండా నడిపితే గుడ్డ మీద పడే రంధ్రాల వరుసలా ఉంటాయి. ముఖం మీద, తెల్ల జాకెట్టు మీద కనపడవు. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద, ముదురు రంగు పట్టుచీర మీద మాత్రం బాగా తెలుస్తున్నాయి. ఎడమ నుంచి మూడో వరుస మిగతా వాటికంటే లోతుగా ఉంది.

నేను చేసినవి చెబుతాను. ప్రింటర్‌లో ఉన్న హెడ్ క్లీనింగ్ (ఇంకు చల్లే భాగాన్ని శుభ్రం చేసేది) రెండుసార్లు చేశాను, మార్పు లేదు. తెల్ల కాగితాలు ఇరవై దాకా ఖాళీగా నడిపాను. అవి శుభ్రంగానే వస్తున్నాయి. పేపర్ 180 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు) హై గ్లాసీ. ప్యాకెట్ తెరిచి నెల పైనే అయింది. సెట్టింగుల్లో గ్లాసీ పేపర్, హై క్వాలిటీ, బోర్డర్ లేకుండా అని పెట్టాను. ఇప్పటికి ఏడు షీట్లు పాడయ్యాయి. ఇక్కడ పది రోజులుగా ముసురు వదలడం లేదు, దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో తెలియదు.

పాస్‌పోర్ట్ ఫొటోల్లో ఇలాంటివి ఉన్నా బ్యాక్‌గ్రౌండ్ తెలుపు కాబట్టి ఇన్నాళ్లూ గమనించలేదనుకుంటాను. ఈ ఫొటో మీద మాత్రం ఒక్క చుక్క కూడా ఉండకూడదు. దారి చెప్పండి.

జిరాక్స్ సెంటర్, తణుకు:

అక్కా, మా దగ్గరా ఇదే గొడవ. అవి పేపర్ బయటికి వచ్చే చోట ఉండే పళ్ల చక్రాల గుర్తులు. మూత ఎత్తి చూడండి, చిన్న చిన్న నక్షత్రాల్లా వరుసగా కనిపిస్తాయి.

నేను రెండు పనులు చేశాను. పేపర్ టైపు గ్లాసీ బదులు మ్యాట్ అని పెట్టాను, గుర్తులు తగ్గాయి. ముందు ట్రేలోంచి కాకుండా వెనక నుంచి ఒక్కో షీటూ పెట్టాను. ముందు ట్రే అయితే పేపర్ లోపల గుండ్రంగా తిరిగి రావాలి, మందం పేపర్‌కు అది కష్టం.

ఇంకో మార్గం ఉంది. ఆ చక్రాల పట్టీ స్క్రూలు తీస్తే మొత్తం ఊడి వస్తుంది. అది తీసేసి నడిపే వీడియోలు చాలా ఉన్నాయి. మా ఫ్రెండ్ షాపులో అలాగే నడుపుతున్నారు. అర్జెంటు కాబట్టి ఈ ఒక్క ఫొటోకి తీసి, తర్వాత పెట్టేసుకోండి.

కోనసీమ ప్రింట్లు:

థాంక్స్ తమ్ముడూ. మాది ముందు ట్రే ఒక్కటే అనుకున్నాను. నువ్వు చెప్పాక చూస్తే వెనక కూడా ఫీడర్ ఉంది, నేనెప్పుడూ తెరవలేదు. మ్యాట్ అని పెట్టి ఒకటి తీశాను. చుక్కలు కొంత తగ్గిన మాట నిజమే, కానీ నలుపు బూడిద పూసినట్టు వచ్చింది. పది నిమిషాల తర్వాత వేలితో ముడితే వేలికి అంటుకుంది. చీర అంచు మీద నా వేలిముద్ర పడింది. చక్రాలు తీయడానికి భయంగా ఉంది. ఈ ప్రింటర్ పోతే నాకు ఇంకొకటి లేదు.

పాత సర్వీసు టేబుల్, విజయవాడ:

అమ్మా, స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేయండి. నేను ఇరవై రెండేళ్లు ప్రింటర్లు బాగు చేశాను. ఈ గుర్తుల కోసం చక్రాలు ఊడదీసి, తర్వాత హెడ్ పాడు చేసుకుని వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. ఆ చక్రాలు ఎందుకున్నాయో చెబితే, ఎందుకు తీయకూడదో మీకే తెలుస్తుంది.

పేపర్‌ను హెడ్ కిందికి పంపేది ఒక రోలర్ జత. కింద గరుకు రోలర్, దాని మీద నొక్కి పట్టే చిన్న రోలర్లు. ఇవి హెడ్‌కు ముందు ఉంటాయి. పేపర్ చివర వాటిని దాటిపోయాక దాన్ని ముందుకు లాగడానికి హెడ్‌కు అవతల ఇంకో జత కావాలి. అక్కడ పేపర్ మీద ఇంకు ఇంకా తడిగా ఉంటుంది. పైన రబ్బరు రోలర్ పెడితే ఇంకంతా పులిమేస్తుంది. అందుకే సన్నటి రేకు చక్రాలకు పళ్లు పెట్టారు. పంటి మొన మాత్రమే పేపర్‌ను తాకుతుంది. అవి లేకపోతే పేపర్ అంచు పైకి లేచి హెడ్‌కు తగులుతుంది. సన్న కాగితం అయితే ఎలాగో గడుస్తుంది. ఇంకు తాగి వంగిన గ్లాసీ షీటు అయితే హెడ్ నాజిళ్లను, అంటే ఇంకు వచ్చే సన్న రంధ్రాలను గీసేస్తుంది. తణుకు తమ్ముడి ఫ్రెండ్‌కు ఇప్పటిదాకా ఏమీ కాలేదంటే సంతోషమే. మీకు ఉన్నది ఒక్కటే ప్రింటర్, మీరు ఆ పని చేయవద్దు.

ఇక గుర్తు చదవడం నేర్చుకోండి. నేను దేన్నీ విప్పకముందు ఎప్పుడూ ప్రింటునే చూసేవాణ్ణి. గది లైటు ఆర్పి, సెల్‌ఫోన్ టార్చి ప్రింటు పక్కన దాదాపు పడుకోబెట్టి పట్టండి. పేపర్ వచ్చిన దిక్కులోనే, సమాన దూరంలో చుక్కలు వరుసగా ఉంటే అవి పళ్ల చక్రాలవి. ఆ ప్రింటును మళ్లీ బయటికొచ్చే చోట ఆనించి చూడండి, ఒక్కో వరుస ఒక్కో చక్రానికి ఎదురుగా సరిపోతుంది. చుక్కలు లేకుండా పొడుగ్గా నునుపు చారలు ఉంటే అవి హెడ్‌కు ముందున్న నొక్కుడు రోలర్లవి. ఇంకు మరక ఒకటి మళ్లీ మళ్లీ ఒకే దూరంలో వస్తుంటే ఏదో రోలర్ మురికి పట్టింది. ఆ దూరాన్ని 3.14తో భాగిస్తే మురికి రోలర్ వ్యాసం వస్తుంది. మరకల మధ్య దాదాపు 38 మిల్లీమీటర్లు ఉంటే 12 మిల్లీమీటర్ల రోలర్‌ను వెతకాలి. ఇవేవీ కాకుండా అడ్డంగా, ముఖ్యంగా అంచుల దగ్గర గీతలు పడితే అది హెడ్ తగలడం. సెట్టింగుల్లో మందం పేపర్ అని ఉండే ఆప్షన్ ఆ అడ్డ గీతలకే పనికొస్తుంది. అది హెడ్‌ను కొంచెం పైకి లేపుతుంది, చక్రాల ఒత్తిడి తగ్గించదు. మీ నాలుగు వరుసలు చక్రాలవే, నాకు అనుమానం లేదు.

ఇలాంటి చక్రాలు చాలా ఇంక్‌జెట్ ప్రింటర్లలో ఉన్నాయి. మరి మీ ఫొటో మీదే ఎందుకు ఇంతగా పడ్డాయంటే నాకు తోచేవి మూడు.

మొదటిది ఇంకు. చాలా ట్యాంకు ప్రింటర్లలో నలుపు ఒక్కటే పిగ్మెంట్ ఇంకు (కరగని సన్న రంగు పొడి ఉన్నది), మిగతా మూడు రంగులూ డై (పూర్తిగా కరిగిన రంగు). పిగ్మెంట్ గ్లాసీ పూతలోకి ఇంకదు, పైన పొడిలా కూర్చుంటుంది. అందుకే గ్లాసీ అని చెబితే ప్రింటర్ ఆ నలుపును పక్కన పెట్టి, నీలం, ఎరుపు, పసుపు మూడూ కలిపి నలుపు తయారు చేస్తుంది. మీరు మ్యాట్ అనగానే అది పిగ్మెంట్ నలుపు వాడింది, మీ వేలికి అంటింది అదే. కాబట్టి గ్లాసీ అనే ఉంచాలి. కానీ అలా ఉంచితే నల్ల బ్యాక్‌గ్రౌండ్ అంతా మూడు ఇంకులు ఒకదాని మీద ఒకటి పడిన చోటు. పేపర్‌లో అంత తడి ఇంకెక్కడా ఉండదు. తడిసిన పూత మెత్తబడుతుంది, మెత్తని పూతలో పన్ను దిగుతుంది. ముఖం మీద ఇంకు తక్కువ, అక్కడ పూత గట్టిగానే ఉంటుంది.

రెండోది తేమ. మీ ముసురుకూ దీనికీ సంబంధం ఉంది. నెల రోజులు తెరిచి ఉంచిన ప్యాకెట్ కోనసీమలో, ఈ వానల్లో, గాలిలోని చెమ్మంతా పీల్చేస్తుంది. అందులోనూ 180 జీఎస్‌ఎంలో దొరికే చాలా రకాలు మామూలు కాగితానికి ఒకవైపు మెరుపు పూత పూసినవి. ఫొటో ల్యాబుల్లో వాడేలాంటి ఆర్‌సీ (రెజిన్ కోటెడ్) పేపర్ అయితే కాగితానికి రెండు వైపులా ప్లాస్టిక్ పొర ఉంటుంది, చెమ్మ లోపలికి అంత సులువుగా పోదు, ఇంకు పడినా అలలు అలలుగా లేవదు.

మూడోది ఆ మూడో వరుస. ఒక్కటే లోతుగా ఉందంటే ఆ చక్రం పళ్లకు ఏదో అంటుకుని ఉంటుంది. ఎండిన ఇంకు కావచ్చు, జిగురు కావచ్చు. స్టిక్కర్ షీట్లు ఎప్పుడైనా నడిపారా?

ఇప్పుడు పరీక్ష. మూలలో చిన్న చుక్క ఒకటే ఉన్న పేజీ తయారు చేసి, పాత ప్యాకెట్లోని గ్లాసీ షీటు మీద ప్రింటు ఇవ్వండి. ఇంకు లేని చోట కూడా టార్చి వెలుతురులో పంటి గుర్తులు కనిపిస్తే పేపరే మెత్తబడింది. కనపడకపోతే నేరం తడి ఇంకుది. అదే పరీక్ష సీలు తీయని కొత్త ప్యాకెట్ షీటు మీద చేయండి. రెండు షీట్లు ఖర్చు, కానీ ఏది మార్చాలో తెలుస్తుంది.

చక్రం శుభ్రం చేసేటప్పుడు కరెంటు ప్లగ్గు తీసేయాలి. చెవులకు వాడే దూది పుల్లను డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి పిండేసి, చక్రాన్ని వేలితో మెల్లగా తిప్పుతూ పళ్ల మీద అద్దండి. నొక్కితే పన్ను వంగుతుంది, వంగితే ఇక ఆ వరుస ఎప్పటికీ పోదు. నూనె ఎక్కడా వేయకండి. హెడ్ తిరిగే దారిలో సన్నటి పారదర్శకమైన ప్లాస్టిక్ టేపు ఒకటి అడ్డంగా బిగించి ఉంటుంది. దాన్ని వేలితో కూడా ముట్టవద్దు. హెడ్ ఎక్కడుందో ప్రింటర్ ఆ టేపు మీది గీతలు చూసే లెక్క పెట్టుకుంటుంది.

కోనసీమ ప్రింట్లు:

బాబాయి గారూ, మీరు ఇంత ఓపిగ్గా రాసినందుకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. చెప్పినట్టే చేశాను.

పాత ప్యాకెట్ షీటు మీద ఇంకు లేని చోట కూడా చుక్కలు పడ్డాయి. సన్నగా ఉన్నాయి కానీ నాలుగు వరుసలూ ఉన్నాయి. కొత్త ప్యాకెట్ సీలు తీసి వెంటనే పెట్టిన షీటు మీద మూడో వరుస ఒక్కటే కొంచెం తెలిసింది, మిగతా చోట్ల అద్దంలా ఉంది. కొత్త షీటు మీద నల్లటి గడి ఒకటి ప్రింటు తీశాను, అరచేయంత. అందులో నాలుగు వరుసలూ పడ్డాయి, కానీ పాతదాని మీద పడ్డంత లేవు. అంటే చెమ్మ, ఇంకు, చక్రం మూడూ ఉన్నాయి. నేను ఒక్క కారణమే ఉంటుందనుకుని ఒకటి మార్చి, ఫలితం లేదని వదిలేసి, ఇంకోటి పట్టుకున్నాను. ఆ ఏడు షీట్లూ అలాగే పోయాయి.

స్టిక్కర్ల సంగతి మీరు అడగగానే గుర్తొచ్చింది. జూన్‌లో బడి ఐడీ కార్డుల కోసం జిగురు షీట్లు రెండు వందల దాకా నడిపాను. టార్చి వేసి చూస్తే మూడో చక్రం పళ్ల మధ్య బూడిద రంగు ముద్ద ఉంది. దూది పుల్లలు ఆరు పట్టాయి. ఇప్పుడు మిగతా వాటిలాగే మెరుస్తోంది. డిస్టిల్డ్ వాటర్‌తో జిగురు ఊడదేమో అనుకున్నాను. నానబెట్టినట్టు కాసేపు తడి పుల్ల ఆనించి ఉంచితే మెత్తబడి వచ్చేసింది.

మిగిలింది ఇంకు. నల్ల బ్యాక్‌గ్రౌండ్ మార్చమంటే మారుస్తాను, కానీ ఆయన చూసి ఒప్పుకున్నది నలుపే.

చిత్రాల ప్రింటింగ్, హైదరాబాద్:

నేను పెయింటింగ్‌లకు కాపీలు తీస్తాను, అన్నీ పిగ్మెంట్ ఇంకుల మీద. పిగ్మెంట్‌తో మెరుపు పేపర్ వాడేవాళ్లకు ఈ చుక్కల బాధ ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఇంకంతా పూత పైనే ఉంటుంది, పన్ను దాన్ని నేరుగా గుచ్చుతుంది. కాబట్టి ఈ విషయంలో కొంత నష్టపోయి నేర్చుకున్నాను.

బ్యాక్‌గ్రౌండ్ నలుపు అలాగే ఉంచవచ్చండీ, పూర్తి నలుపు మాత్రం వద్దు. ఫొటోషాప్‌లో లెవెల్స్ తెరిచి, కింద అవుట్‌పుట్ గడిలో 0 బదులు 20 గానీ 22 గానీ పెట్టండి. ప్రింటులో, గాజు వెనక, గది వెలుతురులో అది నలుపులాగే కనిపిస్తుంది. కంటికి తేడా తెలియని ఆ కొంచెం దగ్గర ఇంకు మాత్రం బాగా తగ్గుతుంది. పైగా పాత నలుపు తెలుపు ఫొటోల్లో అట్టడుగు నలుపు ఉండదు. ఆవిడ ముఖం పాత ఫొటోది, వెనక మీరు పోసిన నలుపు కంప్యూటర్‌ది. రెండూ కొంచెం దగ్గరికి వస్తే ఆవిడ ఆ గదిలోనే కూర్చున్నట్టు ఉంటుంది.

ఇంకోటి పేపర్. హై గ్లాసీ మీద ఏ గుంట పడినా వెలుతురు పట్టిస్తుంది. లస్టర్ అనో శాటిన్ అనో అమ్మే ఆర్‌సీ పేపర్‌కు సన్నటి గరుకు ఉంటుంది, పంటి గుర్తు ఆ గరుకులో కలిసిపోతుంది. 260, 270 జీఎస్‌ఎంలో దొరుకుతుంది. దండ వేసి గోడకు పెట్టే ఫొటోకు, ఎదురుగా ట్యూబులైటు ఉండే హాల్లో, మెరుపు తక్కువ ఉండడమే మంచిది. నా అభిప్రాయం అడిగితే హై గ్లాసీని పెద్ద ప్రింట్లకు వాడనే వాడకూడదు.

డ్రైవర్‌లో, అంటే కంప్యూటర్‌లో ఉండే ప్రింటర్ సెట్టింగుల్లో, హై స్పీడ్ అని గానీ, హెడ్ వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ప్రింటు అని అర్థం వచ్చే బైడైరెక్షనల్ అని గానీ టిక్కు ఉంటే తీసేయండి. అప్పుడు హెడ్ ఒక దిక్కున వెళ్లేటప్పుడే ఇంకు వేస్తుంది, తిరిగి వచ్చేటప్పుడు ఊరుకుంటుంది. ప్రింటుకు దాదాపు రెట్టింపు టైము పడుతుంది. ఆ టైములో పూత ఆరుతుంది.

పాత సర్వీసు టేబుల్, విజయవాడ:

హైదరాబాద్ ఆయన చెప్పింది సరైన మాట. నేను మిషన్ వైపు నుంచి చూశాను, ఆయన ఫొటో వైపు నుంచి చూశారు.

రెండు చిన్న విషయాలు మిగిలాయి. బోర్డర్ లేకుండా అనేది మానేయండి. అంచు దాకా నింపాలంటే ప్రింటర్ పేపర్ బయటికి కూడా కొంచెం ఇంకు చల్లుతుంది, అది కింద స్పాంజిలో పడుతుంది. ఆ స్పాంజి నిండితే తర్వాతి షీట్ల వెనకవైపు, రోలర్ల మీద మరకలు మొదలవుతాయి. ఎలాగూ ఫ్రేము అంచు కిందికి అయిదు మిల్లీమీటర్లు పోతుంది, అక్కడ తెల్లగా ఉన్నా ఎవరికీ కనపడదు. రెండోది, షీటు పెట్టే ముందు బల్ల మీద పరిచి చూడండి. మూలలు పైకి లేచి ఉంటే వెనక్కి మెల్లగా వంచి చదును చేయాలి. లేచిన మూల చక్రానికి ఎక్కువ ఒత్తుకుంటుంది.

పాత ప్యాకెట్ షీట్లు ఎండలో ఆరబెట్టకండి, చుట్టుకుపోతాయి. జిప్ కవర్లో చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పెట్టి వారం ఉంచి, పాస్‌పోర్ట్ ఫొటోలకు వాడుకోండి.

జిరాక్స్ సెంటర్, తణుకు:

అక్కా, చక్రాలు తీయమన్నందుకు సారీ. బాబాయి గారు రాసింది చదివాక మా ఫ్రెండ్‌కు ఫోన్ చేసి పట్టీ మళ్లీ పెట్టించాను. ఒక డౌటు. ఇప్పటికే చుక్కలు పడిన ప్రింట్లు మా దగ్గర ఆర్డరువి పన్నెండు ఉన్నాయి. వాటిని ఏమైనా చేయవచ్చా, లేక పారేయడమేనా?

కోనసీమ ప్రింట్లు:

తమ్ముడూ, దీనికి మాత్రం నేను చెప్పగలను, నాన్నగారి దగ్గర చూసింది. పడిన గుంట మళ్లీ పైకి లేవదు. పుస్తకాల కింద బరువు పెట్టినా, వెనక నుంచి ఇస్త్రీ చేసినా లాభం లేదు. ఇస్త్రీ పెట్టెతో పూత కరిగి అంటుకుపోతుంది. గుర్తును కనపడకుండా చేయడమే మార్గం. ఒక రోజంతా ఆరనిచ్చి మ్యాట్ కోల్డ్ లామినేషన్ (వేడి లేకుండా అంటించే మెరుపు లేని ప్లాస్టిక్ పొర) వేస్తే చుక్కలు దాదాపు మాయమవుతాయి. గ్లాసీ లామినేషన్ వేస్తే అలాగే తెలుస్తాయి. చుక్క దగ్గర రంగు లేచిపోయి తెల్లగా కనపడితే ముందు దాన్ని అద్దాలి. నాన్నగారు డార్క్‌రూమ్ రోజుల్లో నలుపు తెలుపు ప్రింట్ల మీద దుమ్ము మచ్చలను సన్న కుంచెతో, నీళ్లు కలిపిన నల్ల రంగుతో ఒక్కో చుక్కా మూసేవారు. ముందు పలచగా, ఆరాక మళ్లీ పలచగా వేసేవారు. ఒకేసారి ముదురుగా వేస్తే ఆ చుక్కే పెద్ద మచ్చ అయ్యేది. ఆ కుంచెలు ఇంకా నా సొరుగులో ఉన్నాయి. నా పాడైన షీటు ఒకదాని మీద మొన్న రాత్రి ప్రయత్నిస్తే పనిచేసింది. కాకపోతే నాలుగు వరుసలు అద్దడం అయ్యే పని కాదు, పది చుక్కల దాకా అయితే చేయవచ్చు.

కోనసీమ ప్రింట్లు:

అందరికీ ఫలితం చెప్పాలి కదా.

రాజమండ్రి వెళ్లి 260 జీఎస్‌ఎం లస్టర్ ఆర్‌సీ పేపర్ తెచ్చాను. బస్సులో తడవకుండా ప్యాకెట్‌ను రెండు కవర్లలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. షాపులో ఫ్యాను కట్టేసి, తలుపులు మూసి, సీలు తీసి ఒక్క షీటు బయటికి తీసి మిగతావి వెంటనే జిప్ కవర్లో పెట్టేశాను. వెనక ఫీడర్‌లో ఒక్కటే పెట్టాను. పేపర్ టైపు గ్లాసీ, హై క్వాలిటీ, హై స్పీడ్ టిక్కు తీసేశాను, బోర్డర్ పెట్టాను. నలుపు 22. ప్రింటు పూర్తిగా బయటికి రావడానికి పదకొండు నిమిషాలు పట్టింది. మామూలుగా అయిదారు నిమిషాల్లో వస్తుంది. ఆ సేపంతా కుర్చీలో కూర్చోలేకపోయాను, ప్రింటర్ పక్కనే నిలబడ్డాను.

టార్చి పక్కకు పెట్టి చూశాను. మొదట ఏమీ కనపడలేదు. కళ్లు అలవాటు పడ్డాక చీర కుచ్చిళ్ల దగ్గర రెండో చక్రానికి ఎదురుగా ఒక నాలుగు చుక్కలు దొరికాయి, అవీ వెతికితేనే. టార్చి ఆర్పేస్తే లేవు. మా అమ్మకు చూపించి గుర్తులు ఎక్కడున్నాయో చెప్పమన్నాను, చెప్పలేకపోయింది. ఆ నాలుగింటినీ నాన్నగారి కుంచెతో ముట్టుకోలేదు, అలాగే ఉంచాను.

నలుపు 22 విషయంలో హైదరాబాద్ ఆయన చెప్పింది ఎంత నిజమో ప్రింటు చూశాక అర్థమైంది. ముందు తీసిన ఏడింటిలో ఆవిడ నల్లటి అట్ట మీద అంటించినట్టు ఉన్నారు. ఇందులో జుట్టు అంచు మెల్లగా వెనక చీకట్లోకి కలుస్తోంది. స్క్రీన్ మీద మూడు రాత్రులు కూర్చున్నా ఆ తేడా నాకు పట్టలేదు.

ఒక రోజంతా గుడ్డ కప్పి ఆరనిచ్చాను. లామినేషన్ వేయలేదు. ఫ్రేము కట్టే ఆయనతో గాజుకూ ఫొటోకూ మధ్య చుట్టూ అట్ట పెట్టించాను. మా ప్రాంతంలో గాజుకు ఆనితే రెండు వానాకాలాలకు ఫొటో గాజుకు అతుక్కుపోతుంది. అలా అతుక్కున్నవి బాగు చేయమని తెచ్చేవాళ్లే నెలకు ఇద్దరు ముగ్గురు ఉంటారు.

పెద్దాయన నిన్న పొద్దున్న వచ్చి తీసుకెళ్లారు. ఫ్రేమును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అటూ ఇటూ వంచి చూస్తుంటే నా గుండె ఆగినంత పనైంది, చుక్కలు వెతుకుతున్నారేమోనని. ఆయన చూస్తున్నది ఆవిడ ముక్కుపుడక. గ్రూపు ఫొటోలో అది సూది మొనంత తెల్ల మచ్చ, నేను దుమ్మేమోనని ముందు తీసేసి, ఎందుకో అనుమానం వచ్చి మళ్లీ పెట్టాను. "ఇది వాళ్లమ్మది" అన్నారు.

బెంగళూరులో ఉన్న వాళ్ల అమ్మాయికి ఇదే ఫొటో ఇంకొకటి కావాలట. లస్టర్ షీట్లు ఇంకా పంతొమ్మిది ఉన్నాయి. ముసురు తగ్గాక తీస్తానని చెప్పాను.